తొలి వాన నీటిని పరీక్షించండి: కలుపు మందులకు అనుమతులిచ్చే అధికారులకు బహిరంగ లేఖ

కలుపు మందులకు అనుమతులిచ్చే అధికారులకు, వ్యవసాయ, మత్స్య, నీటిపారుదల, కాలుష్య నియంత్రణ శాఖల్లో బాధ్యతల్లో ఉన్నవారికి,

నమస్కారం. చెరువుల్లో, వాగుల్లో, కాలువల్లో చేపలు పట్టి, పెంచి బతికేవాళ్ల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. ఇంతకుముందు అర్జీలు ఇచ్చాం, ఆఫీసుల చుట్టూ తిరిగాం. ఒక చోటికి వెళితే ఇది నీళ్ల విషయం, మా పరిధిలోకి రాదన్నారు. నీళ్లు చూసేవాళ్ల దగ్గరికి వెళితే ఇది మందుల విషయం, మళ్లీ అక్కడికే వెళ్లమన్నారు. చేపలు తేలాయని ఫోన్ చేస్తే, నమూనా తీసేవాళ్లు వచ్చేసరికి కాలువలో పాత నీళ్లు పోయి కొత్త నీళ్లు వచ్చేశాయి. ఆ కొత్త నీళ్లనే సీసాలో పట్టుకెళ్లారు. చివరికి వచ్చిన రిపోర్టులో నీటిలో ఆక్సిజన్ తగ్గడం వల్ల చేపలు చనిపోయాయని ఒక్క ముక్క రాశారు. ఆక్సిజన్ ఎందుకు తగ్గిందో అందులో లేదు, కలుపు మందుల కోసం పరీక్ష చేశారో లేదో కూడా లేదు. ఆ తర్వాత రాసిన ఉత్తరాలకు జవాబే రాలేదు కాబట్టి ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాం.

ఒక విషయం ముందే చెప్పాలి. ఇది రైతుల మీద ఫిర్యాదు కాదు. కలుపు తీయడానికి మనుషులు దొరక్క, అదును దాటిపోతుందన్న టెన్షన్‌లో మందు కొట్టే రైతు కష్టం మాకు తెలియనిది కాదు. మాలో చాలామందికి చేపలూ ఉన్నాయి, చేనూ ఉంది. డబ్బా మీద రాసినట్టే కొలిచి కొట్టిన మందు కూడా కాలువలోకి వస్తోందంటే, తప్పు ఆ డబ్బా మీద రాసిన దగ్గర, దానికి అనుమతి ఇచ్చిన దగ్గర వెతకాలి.

మేం చెప్పేది ఇదీ. మీ లెక్కలన్నీ చచ్చి తేలిన చేపల మీదే నడుస్తున్నాయి. కానీ కలుపు మందు వల్ల జరిగే నష్టంలో ఎక్కువ భాగం చావకుండా బతికున్న చేపల్లో జరుగుతోంది. మొప్పలు దెబ్బతిని, వాసన పసిగట్టలేక, గుడ్లు తగ్గిపోయి, రోగాలకు లొంగిపోయి బతుకుతున్న చేపలు ఏ రిపోర్టులోకీ ఎక్కవు. రెండు మూడేళ్లకు వల ఖాళీగా వస్తుంది, అప్పుడు దానికి కారణం ఎవరూ చెప్పరు. ఎలా జరుగుతుందో ఒక్కొక్కటిగా రాస్తాను.

1. మందు నీళ్లలోకి వచ్చేది తొలి వానలకే.

కొట్టిన మందు ఏడాది పొడవునా కొద్దికొద్దిగా కారుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. పిచికారీ చేశాక పడే మొదటి ఒకటి రెండు పెద్ద వానలకే ఎక్కువ భాగం కొట్టుకొస్తుంది. కొట్టిన మందులో నీటిపాలయ్యేది మామూలుగా ఒక శాతం అటూ ఇటూ ఉంటుంది, కొట్టిన కొద్ది రోజుల్లోనే గట్టి వాన పడితే అది కొన్ని రెట్లు పెరుగుతుంది. ఒక శాతమే కదా అని తేలిగ్గా తీసుకునే ముందు ఈ లెక్క చూడండి. హెక్టారు చేనులో అట్రజిన్ అనే కలుపు మందు ఒక కిలో కొట్టారనుకుందాం. అందులో ఒక శాతం అంటే 10 గ్రాములు. హెక్టారు విస్తీర్ణం, రెండు మీటర్ల లోతు ఉన్న చెరువులో 2 కోట్ల లీటర్ల నీళ్లు ఉంటాయి. ఆ 10 గ్రాములు ఆ చెరువంతటా కలిస్తే లీటరుకు 0.5 మైక్రోగ్రాములు అవుతుంది. ఒక్క హెక్టారు చేను నుంచి, ఒక్క శాతమే పోయినా ఇంత. ఒక చెరువులోకి నీరు దిగే చేలు పదుల హెక్టార్లు ఉంటాయి. ఈ 0.5 అంకె గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి కాలం గురించి. తొలి వరద నీళ్లు రాగానే చాలా జాతుల చేపలు ఎదురెక్కుతాయి. పల్లపు గట్ల పక్కన, కొత్త నీళ్లు పారిన గడ్డి నేలల్లో, లోతు లేని చోట గుడ్లు పెడతాయి. అదే వారంలో, అదే నీళ్లలో మందు అన్నిటికన్నా ఎక్కువ మోతాదులో వస్తుంది. ఏడాదిలో చేప అన్నిటికన్నా బలహీనంగా ఉండే దశ గుడ్డు, పిల్ల. నీళ్లలో మందు అన్నిటికన్నా ఎక్కువగా ఉండే రోజులూ అవే. నెలకోసారి, మూడు నెలలకోసారి నమూనా తీసే పద్ధతిలో ఈ రోజులు దొరకవు. వాన తగ్గాక, నీళ్లు తేటపడ్డాక తీసిన సీసాలో ఏమీ లేదని రాసుకుని ఫైలు మూసేస్తున్నారు.

2. చేప ఒంట్లో ఏం జరుగుతుంది.

మొప్ప తీసి దగ్గరగా చూడండి. ఎర్రటి దువ్వెన పళ్లలా వరసలు కనిపిస్తాయి. ఆ ఒక్కో పన్ను మీదా కంటికి కనిపించనంత పలచటి రెక్కలు ఉంటాయి, వాటి చర్మం ఒకటి రెండు కణాల మందమే ఉంటుంది. బయట నీళ్లకీ లోపల రక్తానికీ మధ్య ఉన్న అడ్డు అంతే. నీటిలోని ఆక్సిజన్ లోపలికి పోవాలన్నా, ఒంట్లో ఉప్పు నిలబడాలన్నా ఆ పొరే ఆధారం. కలుపు మందు తగిలిన చేపల మొప్పల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూసిన పరిశోధకులు పదే పదే రాసింది ఒకే రకమైన మార్పులు: ఆ చర్మం ఉబ్బి కింది పొర నుంచి లేచిపోతుంది, కణాలు అతిగా పెరిగి పక్కపక్క రెక్కలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, పైన జిగురు పేరుకుంటుంది. అంటే నీటిలో ఆక్సిజన్ ఉన్నా తీసుకునే చోటు తగ్గిపోతుంది. చేప వెంటనే చావదు. పగలంతా మామూలుగానే తిరుగుతుంది. నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గే తెల్లవారుజామున మాత్రం నీటి పైకి వచ్చి నోరు తెరుస్తుంది. పక్క చెరువులో అదే ఆక్సిజన్‌తో చేపలు తట్టుకుంటే ఇక్కడివి తట్టుకోలేవు. మాకు వచ్చిన రిపోర్టులో ఆక్సిజన్ అని రాసింది అబద్ధం కాకపోవచ్చు, కానీ అది సగం మాట. మొప్పల్ని కోసి చూస్తే మిగతా సగం తెలిసేది. ఎవరూ చూడలేదు.

గుడ్ల సంగతి. ఫాట్‌హెడ్ మిన్నో అనే చిన్న మంచినీటి చేప మీద అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన 2010లో వచ్చింది. లీటరుకు 0.5 నుంచి 50 మైక్రోగ్రాముల దాకా అట్రజిన్ ఉన్న నీటిలో కొన్ని వారాలు ఉంచితే, మందు లేని నీటిలో ఉన్న చేపలతో పోలిస్తే మొత్తం గుడ్లు 19 నుంచి 39 శాతం తగ్గాయి. అతి తక్కువ మోతాదు అయిన 0.5 దగ్గర కూడా తగ్గాయి. పైన నేను లెక్కేసిన చెరువులో ఉన్నది అంతే. ఆ చేపలేవీ చచ్చి తేలలేదు. బయటి నుంచి చూస్తే ఆరోగ్యంగానే కనిపిస్తాయి.

వాసన సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. చేప తిండి వెతుక్కునేది, శత్రువును కనిపెట్టేది, జత ఎప్పుడు సిద్ధంగా ఉందో తెలుసుకునేది చాలావరకు వాసనతోనే. ముక్కులో వాసన పట్టే కణాలు నేరుగా నీటికి తగులుతూ ఉంటాయి, వాటికి పెద్దగా రక్షణ లేదు. అట్లాంటిక్ సాల్మన్ మగ చేపల మీద 1998లో ప్రచురితమైన పరిశోధనలో, అట్రజిన్ ఉన్న నీటిలో ఉంచాక ఆడ చేప వదిలే సంకేతానికి వాటి ముక్కు సరిగ్గా స్పందించలేదని తేలింది. ఆడ చేప గుడ్లు వదిలే వేళకు మగ చేప సిద్ధంగా లేకపోతే ఆ గుడ్లు వృథానే.

రోగాల విషయానికి వస్తే, న్యూజిలాండ్‌లో ఒక చిన్న మంచినీటి చేప పిల్లల మీద చేసిన పరిశోధన 2010లో వచ్చింది. గ్లైఫోసేట్ అనే కలుపు మందు ఒక్కటే తగిలినప్పుడు పిల్లలు బతికాయి. పరాన్నజీవి ఒక్కటే సోకినప్పుడూ బతికాయి. రెండూ కలిస్తే చావులు పెరిగాయి. మా దగ్గర చేప పిల్లలకు పుండ్లు వచ్చినప్పుడు, పేను పట్టినప్పుడు ఇది రోగం, మందుతో సంబంధం లేదు అని చెప్పి పంపేస్తారు. ఆ రోగానికి పిల్లలు ఎందుకు తట్టుకోలేకపోయాయి అన్నది మా ప్రశ్న.

3. చేప తిండి, చేప నీడ.

కలుపు మందు చేసే పనే మొక్కల్ని చంపడం. నీళ్లలోకి వచ్చాక అది పనిచేయడం ఆపదు. అట్రజిన్ లాంటి మందులు మొక్కల్లో కిరణజన్య సంయోగక్రియను ఆపుతాయి, కాబట్టి నీటిలోని నాచు, రాళ్ల మీద పాకుడు, నీటి మొక్కలు ముందు దెబ్బతింటాయి. నాచు తగ్గితే దాన్ని తినే సూక్ష్మ జీవులు తగ్గుతాయి, అవి తగ్గితే కళ్లు తెరిచిన చేప పిల్లకు మొదటి తిండి ఉండదు. నీటి మొక్కలు పోతే పిల్లలు దాక్కునే చోటు పోతుంది. చచ్చిన మొక్కలు కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తాయి. పగలు ఆక్సిజన్ ఇచ్చే మొక్క లేదు, రాత్రి దాన్ని తినే కుళ్లు మాత్రం ఉంది. మళ్లీ రిపోర్టులో ఆక్సిజన్ తగ్గడం అనే వస్తుంది.

4. డబ్బా మీద ఉన్న మందు, డబ్బాలో ఉన్న మందు.

అనుమతి కోసం చేసే పరీక్షల్లో చేపల మీద ఎక్కువగా కనిపించేది 96 గంటల పరీక్ష: నాలుగు రోజుల్లో సగం చేపలు చచ్చే మోతాదు ఎంత అన్నది. ఆ అంకె ఎంత తక్కువైతే మందు అంత ప్రమాదం. గ్లైఫోసేట్ మీద 1979లో ప్రచురితమైన పరిశోధనలో రెయిన్‌బో ట్రౌట్ చేపకు అసలు రసాయనం విడిగా అయితే ఆ మోతాదు లీటరుకు 140 మిల్లీగ్రాములు. రైతు కొనే తయారు మందులో అయితే 8.3. ఆ మందును ఆకుకు పట్టించడానికి కలిపే జిగురు ద్రావకం విడిగా అయితే 2 మిల్లీగ్రాములే. అంటే అసలు మందు కన్నా అందులో కలిపినది చేపకు ఎన్నో రెట్లు విషం. వేడి పెరిగినా, నీటి పీహెచ్ పెరిగినా ఆ తయారు మందు విషం ఇంకా పెరిగిందని కూడా అదే పరిశోధన చెప్పింది. ఎండాకాలం చివర చెరువుల్లో ఉండేది సరిగ్గా అలాంటి నీరే. ఆ రకం ద్రావకాన్ని గ్లైఫోసేట్ మందుల్లో వాడకూడదని యూరోపియన్ యూనియన్ 2016లో నిషేధించింది. కలిపే పదార్థాల పేర్లు డబ్బా మీద రాయకపోతే, మా చెరువులోకి ఏం వచ్చిందో మేం ఎలా చెప్పగలం, ల్యాబ్ దేని కోసం వెతుకుతుంది?

అన్ని కలుపు మందులూ ఒకే రకం కూడా కావు. వరి మడుల్లో వాడే బ్యూటాక్లోర్ లీటరుకు ఒక మిల్లీగ్రాము కన్నా తక్కువలోనే కొన్ని జాతుల చేపల్లో సగాన్ని చంపుతుంది. 2,4-డి అనే కలుపు మందులో ఎస్టర్ రకం చేపలకు లవణం రకం కన్నా చాలా ఎక్కువ విషం, డబ్బా మీద పేరు మాత్రం రెండింటికీ 2,4-డి అనే ఉంటుంది. ట్రైఫ్లురాలిన్ వల్ల చేప పిల్లల వెన్నుపూస వంకర తిరుగుతుందని దశాబ్దాల క్రితమే తేలింది. ఇవన్నీ విడివిడిగా పరీక్షించిన మాటలు. నిజం కాలువలో ఇవి విడివిడిగా రావు. ఒకే వానకు నాలుగైదు రకాల మందులు, వాటి ద్రావకాలు, పురుగు మందులు, ఎరువు, బురద అన్నీ కలిసి వస్తాయి. ఆ కలగలుపు నీటిని చేప మీద పరీక్షించి ఎవరు అనుమతి ఇచ్చారు?

తాగునీటి హద్దుల్ని చూపించి సర్దిచెప్పడం కూడా విన్నాం. అట్రజిన్‌కు యూరప్ తాగునీటి హద్దు లీటరుకు 0.1 మైక్రోగ్రాము, అమెరికాలో 3, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన 100. భూగర్భ జలాల్లో ఆ 0.1 దాటుతోందనే కారణంతోనే యూరోపియన్ యూనియన్ అట్రజిన్ అనుమతిని కొనసాగించలేదు. ఈ మూడు అంకెలూ మనిషి కోసం పెట్టినవి. మనిషి ఆ నీటిని రోజుకు రెండు లీటర్లు తాగుతాడు. చేప ఇరవై నాలుగు గంటలూ ఆ నీటితోనే ఊపిరి తీసుకుంటుంది, గుడ్లు ఆ నీటిలోనే పెడుతుంది. తాగునీటి హద్దు లోపలే ఉంది అన్నది చేపల గురించి అడిగిన ప్రశ్నకు జవాబు కాదు.

5. ఇది ఆపడం సాధ్యమే. చేసినవాళ్లు ఉన్నారు.

కాలిఫోర్నియాలో శాక్రమెంటో లోయలో వరి బాగా పండిస్తారు. 1980ల మొదట్లో అక్కడి మురుగు కాలువల్లో కార్ప్ చేపలు వేల సంఖ్యలో చనిపోయాయి. అప్పట్లో వరిలో వాడిన మొలినేట్ అనే కలుపు మందు కారణమని తేల్చారు. కార్ప్‌కు అది తగిలితే రక్తం తగ్గిపోతుంది, లోపల రక్తస్రావం అవుతుంది. థయోబెన్‌కార్బ్ అనే ఇంకో మందు వల్ల దిగువన నగరంలో తాగునీళ్లు చేదెక్కాయి. అప్పుడు అక్కడ చేసిన పని రైతును తిట్టడం కాదు. మందు వేశాక మడిలో నీళ్లను కొన్ని రోజులు బయటికి వదలకుండా కట్టి ఉంచాలని నియమం పెట్టారు. ఆ లోపల ఎండకు, మట్టికి మందు చాలావరకు విరిగిపోతుంది. మొదట కొద్ది రోజులతో మొదలుపెట్టి, నీటి పరీక్షల్లో ఏం వస్తుందో చూసుకుంటూ గడువు పెంచుకుంటూ పోయారు, మొలినేట్‌కు అది 28 రోజుల దాకా వెళ్లింది. నదిలోకి చేరే మందు 90 శాతానికి పైగా తగ్గింది. వరి ఆగిపోలేదు. వ్యవసాయం చూసేవాళ్లు, చేపలు చూసేవాళ్లు, నీళ్లు చూసేవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం వల్ల ఇది జరిగింది. మీ నుంచి మేం కోరుకునేది ముందు ఇదే.

ఇంకోటి అమెరికాలోనే ఒరెగాన్ రాష్ట్రంలో. 1996లో సాగునీటి కాలువలో పెరిగిన నీటి మొక్కల్ని చంపడానికి అక్రోలిన్ అనే మందు వదిలారు. ఒక గేటు కారుతోంది. అక్కడి నుంచి ఆ నీళ్లు పక్కనున్న బేర్ క్రీక్ అనే వాగులోకి వెళ్లి 92,000కు పైగా స్టీల్‌హెడ్ చేప పిల్లలు చనిపోయాయి. లేబుల్ మీద ఉన్నట్టే వాడాం కాబట్టి వేరే అనుమతి అక్కర్లేదని మందు వదిలినవాళ్లు చేసిన వాదనను 2001లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. మందు చట్టం ప్రకారం లేబుల్ పాటించడం వేరు, నీటి చట్టం ప్రకారం అనుమతి తీసుకోవడం వేరు అని చెప్పింది. కారే గేట్లు మన కాలువల మీద ఎన్ని ఉన్నాయో మీకే బాగా తెలుసు.

6. మామూలు జనం మీద పడేది.

పెద్ద చావు జరిగిన రోజున అయినా ఎవరో ఒకరు వచ్చి ఫొటో తీసుకుంటారు. మెల్లగా జరిగే నష్టానికి ఆ పాటి గుర్తింపు కూడా లేదు. కాలువ నీళ్లు పెట్టుకుని పిల్లల్ని పెంచే నర్సరీ రైతు పిల్లలు ఎదగడం లేదని మేత మారుస్తాడు, చేపలకు రోగం మందులు వేస్తాడు, అప్పు చేస్తాడు. కారణం పై చేలో ఉందని అతనికి తెలిసే దారి లేదు. వాగులో వల వేసుకునేవాళ్లకు చెరువు లేదు, లీజు లేదు, బీమా లేదు, నష్టపరిహారం జాబితాలో పేరే ఉండదు. వాళ్లు పట్టిన చేపల్ని బుట్టలో పెట్టుకుని అమ్మే ఆడవాళ్లకు ఆ రోజు అమ్మకం ఉండదు. చిన్న చేపల్ని ముల్లుతో సహా తినే పేద ఇళ్లలో పిల్లలకు చవగ్గా దొరికే మంచి తిండి తగ్గిపోతుంది.

ఈ మాటలు చదివి చేపలు తింటే ప్రమాదం అని ఎవరూ ప్రచారం చేయొద్దని చేతులెత్తి అడుగుతున్నాను. అట్రజిన్, గ్లైఫోసేట్ లాంటివి చేప కండలో పెద్దగా పేరుకునే రకం కావు. ట్రైఫ్లురాలిన్ లాంటివి పేరుకుంటాయి, వాటిని వేరుగా చూడాలి. చేపల మీద పుకారు పుడితే ముందు మునిగేది మేమే. ఇక్కడ అడుగుతున్నది చేప ఆరోగ్యం గురించి, దాని మీద బతికేవాళ్ల గురించి.

నిరూపించండి అని మమ్మల్ని అడుగుతారు. మందు పేరు, కొట్టిన తేదీ, చేను నంబరు, నీటి పరీక్ష ఫలితం అన్నీ తెస్తేనే ఫిర్యాదు అంటారు. ల్యాబ్ మీ దగ్గర ఉంది, అమ్మకాల లెక్కలు మీ దగ్గర ఉన్నాయి, గేట్ల తాళాలు మీ దగ్గర ఉన్నాయి. మా దగ్గర ఉన్నది ఒక ఫోను, చచ్చిన చేపలు.

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

1. పిచికారీ సీజన్‌లో, ముఖ్యంగా తొలి పెద్ద వానల్లో వాన పడుతున్నప్పుడు, పడిన మర్నాడు కాలువల్లో, చెరువుల్లో నమూనాలు తీయాలి. ఎప్పుడూ మనిషి ఉండలేని చోట నీటిలో వారాల పాటు వేలాడదీసి ఉంచే పాసివ్ శాంప్లర్లు (నీటిలోని మందును మెల్లగా పట్టి ఉంచే పరికరాలు) పెట్టాలి. మామూలుగా అన్ని మందులకూ కలిపి చేసే పరీక్షలో గ్లైఫోసేట్ దొరకదు, దానికి విడిగా పరీక్ష చేయాలి. ఈ సంగతి ల్యాబ్ వాళ్లకు తెలుసు, అయినా రిపోర్టులో మందులు లేవు అని రాస్తే చదివినవాళ్లు ఏ మందూ లేదనుకుంటారు. దేని కోసం వెతికారో, దేని కోసం వెతకలేదో రిపోర్టులో రాయాలి. ఫలితాలన్నీ జనం చూసేలా పెట్టాలి.

2. చేపలు చనిపోతే ఫోన్ చేయడానికి ఒకే నంబరు, బాధ్యత వహించే ఒకే శాఖ ఉండాలి. ఇరవై నాలుగు గంటల్లోపు మనిషి రావాలి. కుళ్లిన చేప కాకుండా కొట్టుమిట్టాడుతున్న చేపను తీసుకోవాలి, మొప్పలు, కాలేయం పరీక్షకు పంపాలి, ఎగువన, దిగువన, చేపలు చనిపోయిన చోట మూడు చోట్లా నీళ్లు తీయాలి, ఐస్‌లో పెట్టి పంపాలి. అధికారి వచ్చేలోపు నీళ్లు మారిపోతాయి కాబట్టి చేపలు పట్టేవాళ్ల సంఘాలకు నమూనా సీసాలు ఇచ్చి, తీసే పద్ధతి నేర్పి, సాక్షుల ముందు తీసిన మొదటి సీసాను సాక్ష్యంగా ఒప్పుకోవాలి.

3. అనుమతి ఇచ్చే ముందు అసలు రసాయనాన్ని మాత్రమే కాక, కలిపే ద్రావకాలతో సహా తయారు మందును చేపల మీద పరీక్షించాలి. గుడ్డు, పిల్ల దశల్లో, గుడ్ల సంఖ్య మీద, వెచ్చని నీటిలో కూడా చూడాలి. చల్లటి నీళ్లలో బతికే ట్రౌట్ మీద చేసిన పరీక్ష చూపించి బొచ్చె, శీలావతి, కొరమీను బతికే చెరువులకు అనుమతి ఇవ్వడం సరికాదు. ఇప్పటికే అనుమతి ఉన్న మందుల్ని కూడా ఈ పద్ధతిలో మళ్లీ చూడాలి.

4. ప్రతి కలుపు మందు డబ్బా మీద, వేశాక నీళ్లు ఎన్ని రోజులు బయటికి వదలకూడదో పెద్ద అక్షరాల్లో, రైతు చదవగలిగే భాషలో ఉండాలి. ఆ రోజుల్లో మడి నిండి పొంగకుండా నీటి విడుదలను నీటిపారుదల శాఖ సర్దుబాటు చేయాలి, లేకపోతే ఆ నియమం రైతు మెడకు చుట్టుకుంటుంది. రెండు రోజుల్లో పెద్ద వాన సూచన ఉంటే కొట్టొద్దని రైతు ఫోనుకు మెసేజ్ పంపడం ఏమంత కష్టం కాదు.

5. కాలువ, చెరువు అంచున మందు కొట్టని పట్టీ ఉండాలి. ఫ్రాన్స్‌లో 2006 నుంచి నీటి ప్రవాహాల పక్కన కనీసం 5 మీటర్ల నియమం ఉంది. ఆ పట్టీలో గడ్డి పెంచితే బురదతో పాటు వచ్చే మందు బాగా ఆగుతుంది. నీళ్లలో కరిగి వచ్చేది అంత ఆగదు, అందుకే పట్టీ ఒక్కటే చాలదు. చిన్న రైతుకు ఆ పట్టీ వల్ల పోయే పంటకు ప్రభుత్వమే డబ్బు కట్టాలి. స్ప్రే ట్యాంకు కాలువలో కడగకుండా ఉండాలంటే కడుక్కోవడానికి వేరే చోటు చూపించాలి.

6. కాలువల్లో నీటి మొక్కల్ని తీయడానికి మందు వాడటం మానేయాలి, మనుషులతో, యంత్రాలతో తీయించాలి. తప్పదంటే దిగువన చేపలు పట్టేవాళ్లకు, పెంచేవాళ్లకు ముందుగా రాతపూర్వకంగా చెప్పాలి, గేట్లు కారడం లేదని ఎవరు తనిఖీ చేశారో సంతకంతో ఉండాలి.

7. చేపలు చనిపోయినప్పుడు వాగులో వల వేసుకునేవాళ్లతో సహా అందరికీ నష్టపరిహారం ఇవ్వాలి. నమూనా ఆలస్యంగా తీసినందువల్ల కారణం తేలకపోతే ఆ నష్టం మా మీద వేయకూడదు.

వీటిలో కొన్నింటికి సమయం పడుతుందని తెలుసు. మూడో అంశానికి ఏళ్లు పట్టవచ్చు. మొదటి రెండింటికి మాత్రం కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త ల్యాబ్ అక్కర్లేదు, శాఖల మధ్య ఒక ఉత్తర్వు చాలు. వచ్చే పిచికారీ సీజన్ మొదలయ్యేలోపు ఆ ఉత్తర్వు రావాలి. ఈ లేఖకు రాతపూర్వక జవాబు కావాలి, అందులో ఏ అంశానికి ఏ శాఖ బాధ్యత తీసుకుంటుందో పేరుతో ఉండాలి. ఏ అంశమైనా కుదరదనుకుంటే ఎందుకు కుదరదో రాయండి, దాని మీద కూర్చుని మాట్లాడటానికి మేం ఎప్పుడు పిలిచినా వస్తాం. ఈలోగా తొలి వాన పడిన రోజున మా సీసాలు మేం నింపి, తేదీ, సమయం, చోటు రాసి, సాక్షుల సంతకాలతో ఐస్‌లో పెట్టి మీ ఆఫీసుకే తెస్తాం. వాటిని తీసుకుని రసీదు ఇవ్వమని మీ సిబ్బందికి ఇప్పుడే చెప్పి ఉంచండి.

ఇట్లు,
మంచినీటి చేపల మీద బతికేవాళ్ల తరఫున,
వాళ్లలో ఒకడు